కాగితం మీద రాసివ్వండి సార్!



కాలేజీలో పేరు కొట్టేస్తే ఇంటి దగ్గర్నుంచి వచ్చే పిల్లలకు సీటు పోతుంది. మనకు సీటుతో పాటు హాస్టల్లో మంచం, మెస్సులో కంచం, స్కాలర్‌షిప్ అన్నీ పోతాయి. ఊరెళ్లి కూలికి పోవడం తప్ప దారి ఉండదు. అందుకే ఈ సంచికలో మీకు నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

మేము డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా కాలేజీలో తాగునీళ్లు లేవని నలుగురం కలిసి అర్జీ పెట్టాం. మూడో రోజు పిలిచి, "మీకు క్రమశిక్షణ లేదు. రేపట్నుంచి రావద్దు, టీసీలు తీసుకుపొండి" అన్నారు. ఏం తప్పు చేశామో చెప్పలేదు. మా మాట వినలేదు. కాగితం ముక్క ఇవ్వలేదు. ఇంటి నుంచి పెద్దవాళ్లను పిలిపించారు. కూలి పోగొట్టుకుని వచ్చిన మా నాన్నలు తప్పేమిటని కూడా అడగకుండా చేతులు జోడించారు. మా ఇళ్లల్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. మా వాళ్లకు ప్రిన్సిపాల్ గారి నోటిమాటే సర్కారు ఉత్తర్వు.

ఆ రాత్రి లా చదివే సీనియర్ అన్న ఒకాయన మాతో ఉత్తరం రాయించాడు. మా మీద ఆరోపణ ఏమిటి, ఏ నిబంధన ప్రకారం తీసేశారు, మా వివరణ ఎప్పుడు వింటారు, ఆర్డరు కాపీ ఇవ్వండి. అంతే. రెండు కాపీలు పట్టుకెళ్లి ఒకదాని మీద ఆఫీసు ముద్ర వేయించుకున్నాం. పన్నెండు రోజుల తర్వాత కమిటీ వేసి మా మాట విన్నారు. ముగ్గురం మళ్లీ క్లాసులో కూర్చున్నాం.

నాలుగోవాడు అప్పటికే "నా ఇష్టపూర్వకంగా టీసీ తీసుకుంటున్నాను" అనే కాగితం మీద సంతకం పెట్టేశాడు. వాణ్ణి తీసేశారనడానికి రుజువే లేకుండా పోయింది. మాలో లెక్కలు బాగా వచ్చినవాడు వాడే. ఇప్పుడు హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి పోతున్నాడు.

ఆ అన్న చెప్పింది కొత్త సంగతేమీ కాదు. ఉత్తరప్రదేశ్‌లో ముగ్గురు ఇంటర్ విద్యార్థులు పరీక్షలో అక్రమానికి పాల్పడ్డారని, వాళ్ల మాట వినకుండానే బోర్డు ఫలితాలు రద్దు చేస్తే, అది చెల్లదని సుప్రీంకోర్టు 1962లోనే చెప్పింది. 1985లో కేరళలో జాతీయగీతం పాడలేదని ఒకే ఇంటి పిల్లలు ముగ్గురిని బడి నుంచి తీసేశారు. వాళ్లు గౌరవంగా లేచి నిలబడ్డారు, మత విశ్వాసం వల్ల పాడలేదు. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసి వెళ్లిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి గారి ధర్మాసనం 1986లో వాళ్లను తిరిగి చేర్చుకోమంది.

తప్పు చేసినవాడికి శిక్ష వద్దని మేము అనడం లేదు. శిక్షకు ముందు ఆరోపణ తెలియాలి, జవాబు చెప్పుకోనివ్వాలి, కారణాలు రాసిన ఆర్డరు చేతికి రావాలి. యూజీసీ 2023 నిబంధనల ప్రకారం కాలేజీలో విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ, ఆపైన అంబుడ్స్‌పర్సన్ ఉండాలి. 1987 చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, ఆడపిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థలో అడగండి.

గొంతు పెంచకండి, తల కూడా దించకండి. చదవకుండా దేని మీదా సంతకం పెట్టకండి. "కాగితం మీద రాసివ్వండి సార్" అని మర్యాదగా అడగండి. ఈ సెలవుల్లో ఊరెళ్లినప్పుడు ఈ మాట అమ్మకూ నాన్నకూ కూడా చెప్పండి.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ పీజీ అన్నలం