ముక్కల డబ్బా

హైదరాబాదులోని ఒక అపార్ట్‌మెంటు మూడవ అంతస్తునుండి ప్రతి శనివారం ఉదయం వెన్న, పంచదార కలిసి కాలుతున్న కమ్మని వాసన మెట్లమీదుగా కిందికి దిగివస్తుంది. ఆ ఇంటి ఇల్లాలు ఒక బ్యాంకులో అధికారిణిగా పనిచేసి 2022లో పదవీ విరమణ చేసింది. ఇప్పుడు ఇంటి ఓవెనులో బిస్కెట్లు చేసి చుట్టుపక్కలవారికి అమ్ముతుంది. కొలతలన్నీ ఆమెకు కంఠస్థం. కిలో మైదాకు అరకిలో వెన్న, అరకిలో పంచదార పొడి, చిటికెడు ఉప్పు, కొంచెం యాలకుల పొడి. కాలిన బిస్కెట్లు చల్లారిన తరువాత చెక్కుచెదరనివాటిని ఏరి పొట్లాలు కడుతుంది. మిగిలిన ముక్కలను పళ్ళెంలో పోసుకొని టీ తాగుతుంది. తాను చేసిన నిండు బిస్కెట్టును ఆమె తిన్నట్లు ఎవరూ చూడలేదు. కారణమడిగితే నవ్వి ఊరుకుంటుంది.

1970లలో గుంటూరులో ఆమె బాల్యం గడిచింది. వేసవి సెలవులు వచ్చాయంటే మధ్యతరగతి ఇళ్ళలో బిస్కెట్లు చేయించే సంరంభం మొదలయ్యేది. ‘చేయించడం’ అనే మాట నేటి విద్యార్థులకు వింతగా తోచవచ్చు. ఆనాటి ఇళ్ళలో ఓవెన్లు లేవు. పట్టుదలగల ఇల్లాళ్ళు పెద్ద గిన్నెలో ఇసుక పోసి, అందులో చిన్న గిన్నె నిలిపి, మూతమీద నిప్పులు పరచి కేకు కాల్చేవారు గాని, శేర్లకొద్దీ బిస్కెట్లకు ఆ ఉపాయం చాలదు. అందుచేత మైదా, పంచదార, డాల్డా ఇంటినుండే తీసుకొని బేకరీకి వెళ్ళేవారు. అక్కడివారు పిండి కలిపి, బిళ్ళలుగా చేసి, బట్టీలో కాల్చి ఇచ్చేవారు. కిలోకు ఇంతని కూలి. తమ సరుకు తమకే తిరిగి రావాలన్న జాగ్రత్తతో తల్లులు పిల్లలను అక్కడే కాపలా కూర్చోబెట్టేవారు.

అలా కాపలా కూర్చున్న పిల్లలలో ఆమె ఒకతె. వెంట రెండేళ్ళు పెద్దవాడైన అన్న ఉండేవాడు. బేకరీ లోపలి గదిలో చీకటి. ఆ చీకటిలో బట్టీ నోరు ఎర్రగా కనిపించేది. పొడవాటి కర్రతెడ్డుతో పనివాడు రేకులను లోపలికి నెట్టి, మళ్ళీ అవే రేకులను బయటికి లాగే నేర్పు ఆ పిల్లకు ఇంద్రజాలంలా ఉండేది. తెల్లగా వెళ్ళిన పిండి బిళ్ళ బంగారు రంగుతో తిరిగివస్తుంది. లోపల దానికి ఏం జరుగుతున్నదో చూడాలని ఆమె ఆరాటం. ఒకనాడు గడప దాటబోయింది. “లోపలికి రాకూడదు పాపా, ఇది ఆడపిల్లలు వచ్చే చోటు కాదు” అన్నాడు పనివాడు, కోపంగా కాదు, మెల్లగానే. అన్న మాత్రం లోపలికి వెళ్ళి నిలబడ్డాడు. అతణ్ణి ఎవరూ ఏమీ అనలేదు.

ఇంటికి వస్తే కథ తారుమారయ్యేది. తల్లి జంతికలు వత్తుతుంటే అన్న పక్కన చేరేవాడు. గొట్టం పట్టుకోవాలని, నూనెలో జంతిక రంగు మారే క్షణాన్ని తానే కనిపెట్టాలని అతని తహతహ. “మగపిల్లాడివి, పొయ్యి దగ్గర నీకేం పనిరా? ఆడంగి వేషాలూ నువ్వూనూ! వీధిలోకి పోయి ఆడుకో” అని నాయనమ్మ గదమాయించేది. వెనువెంటనే చెల్లెలికి పిలుపు వచ్చేది. “నువ్విలా రావే. రేపు అత్తగారింట్లో ఏం చేస్తావు?” పుస్తకం చదువుకుంటున్న పిల్ల పుస్తకం మూసి లేచేది. ఒకరికి వంటింటి గడప దాటి బయటికి రావడం కష్టం, మరొకరికి దాటి లోపలికి పోవడం కష్టం.

చిత్రమేమంటే మన భాషలో రుచికరమైన వంటను ‘నలభీమపాకం’ అంటాం. ఆ ఇద్దరూ మగవారే. బాహుకుని రూపంలో ఉన్న నలుణ్ణి దమయంతి పోల్చుకున్న ఆనవాళ్ళలో అతని చేతి వంట రుచి ఒకటి. విరాటుని కొలువులో భీముడు వలలుడై గరిటె పట్టాడు. అర్జునుడు బృహన్నలయై రాచకన్యకు నాట్యం నేర్పాడు. అజ్ఞాతవాసం గడువు తీరగానే ఆ వేషాలు పోయాయి గాని వారి విద్యలు పోలేదు. పురాణం చెప్పించుకొని ఆనందించిన నాయనమ్మకు ఇంట్లోని పదేళ్ళ నలుడు కనిపించలేదు. పెళ్ళిళ్ళలో గాడిపొయ్యి దగ్గర నిలిచే వంటవారు మగవారు, బేకరీలో బట్టీ దగ్గర మగవారు. కూలి ముట్టే వంట మగవారిది, కూలి ముట్టని వంట ఆడవారిది అన్న పంపకం ఏనాడు జరిగిందో!

బేకరీనుండి వచ్చిన బిస్కెట్లకు ఇంట్లో రెండు డబ్బాలుండేవి. పసుపుపచ్చ రంగుమీద ఆకుపచ్చ చెట్టు బొమ్మ ఉన్న పెద్ద డాల్డా డబ్బా నిండు బిస్కెట్లది. అది తండ్రికి, అన్నకు, వచ్చిపోయే చుట్టాలకు. సొట్టలు పడిన చిన్న డబ్బా ముక్కలది. అది తల్లికి, ఆడపిల్లలకు. ఈ నియమాన్ని ఎవరూ పైకి చెప్పలేదు. మజ్జిగ కవ్వం ఎక్కడ వేలాడాలో ఎవరూ చెప్పనట్లే ఇదీ చెప్పలేదు. పిల్లలకు ఊహ తెలిసేసరికే అది అలా ఉంది.

ఆ పిల్ల దానికి తన ఉపాయమొకటి కనిపెట్టింది. బేకరీనుండి ఇంటికి వచ్చే దారిలో డబ్బా తన చేతిలోనే ఉండేది. అన్న వెనుక వస్తుంటే తాను ముందు నడుస్తూ డబ్బాను కావాలని కుదిపేది. కంకర తేలిన చోట గంతులు వేసేది. ఎంతగా కుదిపితే ముక్కల డబ్బా అంతగా నిండుతుంది. ఒక వేసవిలో మరీ అత్యాశపడింది. తల్లి మూత తీసి చూసేసరికి సగానికి సగం విరిగి ఉన్నాయి. నాయనమ్మ బేకరీవాణ్ణి తిట్టడం మొదలుపెట్టింది. తల్లి ఒక్క క్షణం కూతురి మొహంలోకి చూసి, “దారి బాగాలేదు కాబోలు అత్తయ్యా” అని, ముక్కలను గుప్పెళ్ళతో చిన్న డబ్బాలో పోసింది. తల్లికి తెలిసిందన్న సంగతి ఆ పిల్లకు చాలా కాలం తరువాత గాని తట్టలేదు.

పెళ్ళిచూపులనాడు ఆ బిస్కెట్లే పళ్ళెంలో వచ్చాయి. నిండువి. “అన్నీ మా అమ్మాయే చేసింది” అని నాయనమ్మ వచ్చినవారికి చెప్పింది. తాను అడుగు పెట్టకూడని గదిలో, తాను పట్టకూడని తెడ్డుతో, ఎవరో మగవారు కాల్చిన వస్తువు తన అర్హతాపత్రంగా చేతులు మారుతుంటే ఆ అమ్మాయి తల వంచుకొని కూర్చుంది. సిగ్గుపడుతున్నదని అందరూ మెచ్చుకున్నారు. బ్యాంకు ఉద్యోగానికి ఆమె రాసిన పరీక్ష ఊసు ఆనాడు రానేలేదు.

ఆ తరువాత ముప్ఫై ఏళ్ళకు పైగా ఆమె బిస్కెట్ల జోలికి పోలేదు. నిత్యం వండవలసినది వండింది. అంతకుమించి ఒక్క పిండివంటకైనా చేయి పెట్టలేదు. కూతురికి వంట నేర్పమని ఎవరైనా అంటే లెక్కలు నేర్పింది. 2024లో ప్రభుత్వం జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే స్త్రీలు అందుకు రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, చేసే పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఆ తేడాను ఆమె ఏ సర్వే లేకుండానే ఎరుగును.

2020లో కరోనా లాక్‌డౌను వచ్చింది. ఇంటినుండి కాలు బయటపెట్టరాని ఆ రోజులలో, కొడుకు ఎప్పుడో కొని వాడక వదిలేసిన చిన్న ఓవెను ఆమె కంటబడింది. దాని తలుపు అద్దంతో చేసినది. లోపల దీపం ఉంది. పిండి బిళ్ళలను లోపల పెట్టి, ఆమె నేలమీద కూర్చొని చూసింది. మొదట వెన్న కరిగి బిళ్ళ అంచులు మెల్లగా జారాయి. పిదప పైభాగం పొంగి సన్నగా బీటలు వారింది. ఆ తరువాత అంచులనుండి నడిమికి రంగు పాకింది. పదేళ్ళ వయసులో గడప దగ్గర ఆగిపోయిన చూపుకు అర్ధశతాబ్ది తరువాత లోపలి సంగతి తెలిసింది. ఆనాడు ఆమె ఏడ్చిందని కూతురు చెబుతుంది. ఆమె మాత్రం ఉల్లిపాయలు తరిగానంటుంది.

ఇప్పుడు ఆ పని ఆమెకు ప్రాణం. అయినా ఒక ముల్లు మిగిలే ఉంది. కొన్నవారు “అచ్చం అమ్మచేతి రుచి” అని మెచ్చుకుంటే ఆమె మొహం చిన్నబోతుంది. కొలత తూచినది, వేడి సరిచూసినది, తప్పులు చేసి దిద్దుకున్నది తాను. అంతా ఆడజన్మకు సహజంగా అబ్బిన గుణమన్నట్లు మాట్లాడితే ఆమె శ్రమ ఎక్కడికి పోయినట్లు? బట్టీ దగ్గరి పనివాణ్ణి ఎవరూ అలా మెచ్చుకోలేదు, ‘పనివాడు’ అన్నారు. ఆమె కోరేది ఆ మాటే. కాని నాయనమ్మ బలవంతాన పట్టించిన చేయి కాకపోతే, పిండి పదును వేళ్ళకు ఇంత తొందరగా తెలిసేదా అన్న అనుమానమూ ఆమెను వదలదు. ద్వేషించినదే అక్కరకు వచ్చినప్పుడు ఎవరికి కృతజ్ఞత చెప్పాలో ఆమెకు తోచదు.

కిందటేడు అన్న వచ్చాడు. భార్య పోయి ఆరు నెలలైంది. అన్నం వార్చుకోవడం కూడ రాక గుంటూరులో హోటలు భోజనంతో నెట్టుకొస్తున్నాడు. శనివారం ఉదయం వంటింటి గుమ్మంలో నిలబడి, “నేనూ ఒక చేయి వేయనా?” అని అడిగాడు. అరవైనాలుగేళ్ళ మనిషి, గొంతులో ఇంకా నాయనమ్మ భయం. ఆమె పిండి పళ్ళెం అతని ముందుకు జరిపింది. అన్నీ ఒకే పరిమాణంలో, ఎంతో పొందికగా బిళ్ళలు చేశాడు.

“ముక్కల డబ్బా ఏదే అమ్మాయ్?” అన్నాడు ఉన్నట్టుండి. “అదంటే నాకెంత కుళ్ళుగా ఉండేదో! నాకు లెక్కపెట్టి నాలుగు ఇచ్చేవారు. మీరు అమ్మ పక్కన కూర్చొని గుప్పెళ్ళతో తినేవారు.”

ఆమెకు మొదట కోపం వచ్చింది. మిగిలినవి తిన్నవారిని చూసి అసూయపడడమా! ఆ కోపంలోనే దారిలో డబ్బా కుదిపిన సంగతి బయటపెట్టింది.

“తెలుసు. వెనక నడిచింది నేనేగా” అన్నాడు అన్న.

ఊరికి తిరిగి వెళ్ళిన వారానికి ఫోను చేశాడు. బిస్కెట్ల కొలత అడుగుతాడని ఆమె కాగితం సిద్ధం చేసుకుంది. అతడు అడిగింది అన్నానికి ఎసరు ఎంత పెట్టాలో. గ్లాసుడు పాత బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళని, పొంగు వచ్చాక సెగ తగ్గించమని, మూత మాటిమాటికీ తీయవద్దని ఆమె చెప్పింది. అతడు ఒక్కొక్కటే రాసుకుంటుంటే, ఫోనులో పెన్సిలు గీసుకుంటున్న చప్పుడు వినిపించింది.