పాంపేయి పురమును చూడబోవు సోదరీమణులకు

యాత్ర యనగానే మన యిండ్లలో కాశీయో, రామేశ్వరమో, తిరుపతియో మొదట స్ఫురించును. అట్టి ప్రయాణమునకు నెలల ముందుగనే మంచి దినము చూచుకొందుము. ఎచ్చట స్నానము, ఎచ్చట దర్శనము, ఎచ్చట బస యని పోయివచ్చినవారి నడిగి తెలిసికొందుము. దేశాంతరములందలి ప్రాచీన నగరములను చూడబోవునప్పుడు మాత్రము ఈ శ్రద్ధ తఱచుగా కానరాదు. బండి దిగి, నాలుగు ఛాయాచిత్రములు తీసికొని, రాళ్లును గోడలును తప్ప అచ్చట నేమియు లేదని మరలివచ్చువారు పెక్కండ్రు. ఇటలీ దేశమున నేపుల్సు నగరమునకు సమీపముననున్న పాంపేయి పురము అట్లు చూడదగినది కాదు. అది రాజధాని కాదు, కోట కాదు. సంసారులు కాపురములు చేసిన యూరు. ఇంటి గడపయు, పొయ్యియు, పెరడును ఎఱిగిన స్త్రీకి ఆ యూరు చెప్పు మాటలు మిక్కిలి చేరువగా వినబడును. అయితే వినుటకు కొంత సన్నాహము కావలెను.

మొదట కథ తెలిసికొందము. పాంపేయికి ఉత్తరమున వెసూవియసు అను అగ్నిపర్వతము కలదు. క్రీ. శ. 62వ సంవత్సర ప్రాంతమున గొప్ప భూకంపము వచ్చి యూరు చాలవఱకు దెబ్బతినెను. జనులు గోడలు బాగుచేసికొనుచుండగనే, క్రీ. శ. 79లో ఆ కొండ పగిలి నిప్పులు గ్రక్కెను. మొదటి దినము తేలికయైన రాతి బెడ్డలు వానవలె కురిసి యిండ్ల కప్పులను కూల్చెను. మఱునాడు తెల్లవారిన పిదప కాలిన బూడిదయు ఆవిరియు ప్రవాహమువలె వచ్చి, మిగిలినవారి ప్రాణములను హరించెను. దూరమునుండి ఈ యుత్పాతమును చూచిన ప్లినీ యను యువకుడు తరువాత చరిత్రకారుడగు టాసిటసునకు వ్రాసిన లేఖలు నేటికిని నిలిచియున్నవి. ఆపదలోనున్న వారిని తెచ్చుటకై ఓడలతో బయలుదేరిన అతని మేనమామ, పెద్ద ప్లినీ యనువాడు, తీరముననే మరణించెను. ఇది ఆగస్టు 24వ తేదీన జరిగినదని చిరకాలము చెప్పుచుండిరి. అయితే 2018లో ఒక యింటి గోడమీద అక్టోబరు 17వ తేదీని తెలుపు బొగ్గువ్రాత బయటపడుటచే, అది శరత్కాలమున జరిగియుండునని నేడు పెక్కండ్రు తలచుచున్నారు.

తరువాత సుమారు 1,700 ఏండ్లు ఆ యూరు మంటిక్రింద నుండెను. 1748లో త్రవ్వకములు మొదలయ్యెను. 1763లో దొరకిన యొక శాసనమువలన ఇది పాంపేయియేయని నిశ్చయమయ్యెను. మొత్తము వైశాల్యము సుమారు 66 హెక్టారులు, అనగా 160 ఎకరములకు పైగా నుండును. అందు మూడింట రెండు వంతులు మాత్రమే ఇంతవఱకు త్రవ్వబడినవి.

ఇక ప్రయాణపు మాట. తెలుగువారి బిడ్డలు పెక్కండ్రు యూరపు దేశములలో ఉద్యోగములు చేయుచున్నారు. వారిని చూడబోయిన తల్లులకు ఈ యాత్ర అందుబాటులోనిదే. జర్మనీ, ఫ్రాన్సు మొదలగు దేశములకు షెంగెన్ వీసాతో పోయినవారు సాధారణముగా ఆ గడువులోపల దానితోనే ఇటలీకి పోవచ్చును. ఇంగ్లండు ఆ కూటమిలోనిది కాదు గనుక, అచ్చటి వీసా మాత్రమే యున్న మనవారు వేఱుగ పొందవలెను. ఏప్రిలు, మే నెలలును, సెప్టెంబరు చివర నుండి అక్టోబరు వఱకును అనుకూలములు. జూలై, ఆగస్టు నెలలలో ఎండ తీవ్రము. పురమున నీడ మిక్కిలి తక్కువ. 2024 నవంబరు నుండి దినమునకు 20,000 మందిని మాత్రమే లోపలికి పంపవలెనని నియమము చేసి, టికెట్టుమీద పేరు వ్రాయుచున్నారు. కావున టికెట్టు ముందుగనే కొని, గుర్తింపు పత్రము వెంట నుంచుకొనవలెను. ప్రతి నెల మొదటి ఆదివారము ప్రవేశము ఉచితమే కాని, ఆనాటి రద్దీలో ప్రశాంతముగా చూచుట దుర్లభము. శీతకాలమున ద్వారములు పెందలకడ మూయుదురు.

నేపుల్సు నుండి సొరెంటో పోవు చిన్న రైలుబండి నెక్కి పాంపేయి త్రవ్వకముల స్టేషనులో దిగినచో, మెరీనా ద్వారము కూతవేటు దూరముననే యుండును. పెద్ద సంచులను లోపలికి రానీయరు. వీథులన్నియు ఎగుడుదిగుడు బండలు పఱచినవి. కావున గట్టి చెప్పులు ముఖ్యము. చీర కట్టుకొనువారు కుచ్చిళ్లు కొంచెము పైకి దోపుకొనిన సుఖముగా నడువవచ్చును. త్రాగునీటి కొళాయిలు లోపలనే కలవు. ఒక సీసా చాలును. మోకాళ్ల నొప్పులు గలవారును, చంటిపిల్లల బండి త్రోయువారును రంగస్థలపు ద్వారము, అనగా ఆంఫిథియేటరు వైపు ద్వారమున ప్రవేశించినచో, మూడు కిలోమీటర్లకు పైగా చదునుచేసిన బాట కలదు. అంత నడువజాలని వృద్ధులకు ఆ రైలుదారిలోనే యున్న హెర్క్యులేనియము మేలు. అదియు అదే యుత్పాతమున పూడినదే, చిన్నది. అచ్చట కొయ్య తలుపులును, మంచములును, పసిబిడ్డ ఊయల సహితము బొగ్గై నిలిచినవి.

ఒక్క దినములో పురమంతయు చూడవలెనను ఆశ విడువవలెను. ఏడెనిమిది చోట్లు ఎన్నుకొని నిదానముగా చూచుట యుత్తమము. మొదట వీథినే చూడుడు. బండ్ల చక్రములచే రాళ్లలో పడిన గాళ్లు నేటికిని కాననగును. వాననీరు పాఱునప్పుడు కాళ్లు తడియకుండ దాటుటకు వీథికడ్డముగా ఎత్తు రాళ్లు నాటిరి. వాని నడుమ బండి చక్రము పోవుటకు సందు విడిచిరి. కూడలులలో సుమారు 40 నీటితొట్లు కలవు. కొన్నింటి అంచు ఒకచోట నునుపుగా అరిగియుండును. నీళ్లు పట్టువారు తరతరములుగా చేయి మోపినచోటది. శిలావిగ్రహము చెప్పలేని చరిత్రను ఆ అరుగుదల చెప్పును.

తరువాత ఒక గొప్ప యిల్లు చూడవలెను. చిరకాలము బాగుచేయబడి 2023 జనవరిలో మరల తెఱువబడిన వెట్టీల గృహము అందుకు తగినది. మన కోస్తా పల్లెలలోని మండువా లోగిలి నెఱిగినవారికి ఇచ్చట వింత తోచదు. నడుమ కప్పు తెఱచియుండును, వాన నేరుగా క్రిందనున్న తొట్టిలో పడును, చుట్టును గదులు. వెనుక స్తంభముల నడుమ తోట. వంటిల్లు మాత్రము చిన్నది, ప్రక్కకు నెట్టబడినది. పొయ్యిమీద కంచుపాత్రలు విడిచినవి విడిచినట్లే దొరకినవి. దానికి చేరువనే గృహదేవతల గూడు కలదు; దాని క్రింద పాము బొమ్మ చిత్రింపబడినది. ఇంటిని కాపాడు శుభసర్పమని వారి నమ్మకము. నాగులచవితికి పుట్టలో పాలుపోయు మనకు వ్యాఖ్యానమక్కఱలేదు. అయితే ఈ యింటను, మఱికొన్ని చోట్లను మన మర్యాదకు విరుద్ధముగా తోచు చిత్రములు కలవు. పిల్లలను తీసికొనిపోవువారు ఆ సంగతి ముందుగా తెలిసికొనియుండుట మంచిది.

స్త్రీల చేతిపని గుఱుతులు వెదకువారికి ఈ యూర కొఱతలేదు. యుమాకియా యను అర్చకురాలు పురమధ్యమున తన పేరను, తన కుమారుని పేరను గొప్ప భవనము కట్టించెను; బట్టలుతుకు పనివారు ఆమెకు విగ్రహము నిలిపిరి. జూలియా ఫెలిక్సు అను నామె తన స్నానశాలను, అంగళ్లను, మేడగదులను ఐదేండ్లకు అద్దెకిచ్చెదనని వ్రాయించిన ప్రకటన దొరకినది. స్వంత యాస్తిని స్వయముగా నిర్వహించిన యిల్లాండ్రు అన్నాళ్లక్రిందటనే యుండిరి.

కాని గొప్పయిండ్లతో యాత్ర ముగించినచో సగము సత్యమే చూచినట్లగును. రొట్టెల దుకాణములు ఈ యూర 30కి పైగా కలవు. ఒక దుకాణపు పొయ్యిలో 81 రొట్టెలు కాల్చబెట్టినవి కాల్చబెట్టినట్లే బొగ్గై దొరకినవి. నల్లని అగ్నిపర్వత శిలతో చేసిన తిరుగళ్లు మనుష్యుని ఛాతి యెత్తున నుండును, గాడిదలచే త్రిప్పించెడివారు. 2023లో బయటపడిన యొక పిండిమరలో వెలుతురు కొఱకు ఇనుప కమ్ములు బిగించిన చిన్న కిటికీలు తప్ప మఱేమియు లేవు. అందు బానిసలను, గాడిదలను కలిపి మూసియుంచిరని పురావస్తు పరిశోధకులు నిర్ణయించిరి. గాడిదలు కళ్లకు గంతలతో గుండ్రముగా తిరుగుటకు నేలలో గుఱుతులు సైతము కొట్టిరి. వెట్టీల యింటి చిత్రములను మెచ్చుకొన్న కంటితోనే ఈ కిటికీని చూడవలెను. ఆ విందులకు రొట్టె వచ్చినది ఇట్టి చోటులనుండియే.

ఇక మృతుల మాట. బూడిద గట్టిపడిన పిదప లోపలి దేహములు శిథిలమై బోలు ఏర్పడెను. 1863లో జుసెప్పె ఫియొరెల్లి యనునాతడు ఆ బోలులలో ప్లాస్టరు పోయించి, చనిపోయిన క్షణమునందలి ఆకారములను వెలికి తీయించెను. పారిపోవుచు పడిపోయినవారి తోటయని పేరుగల చోట 13 మంది యిట్లు పరుండియున్నారు. అందు పిల్లలును కలరు. వీరిని బొమ్మలని తలచి ప్రక్కన నిలిచి నవ్వుచు చిత్రములు తీసికొనువారు కలరు. అది తగదు. ప్లాస్టరు లోపల వారి యెముకలే యున్నవి.

ఇందు మఱియొక హితవు కలదు. బంగారు కడియము దాల్చిన యొక దేహమును, దానిమీద పసివాని దేహమును చూచి, తల్లి బిడ్డను హత్తుకొని చనిపోయినదని చిరకాలము చెప్పుచు వచ్చిరి. 2024లో ప్రకటింపబడిన జన్యుపరీక్షవలన ఆ పెద్దమనిషి పురుషుడనియు, ఆ బిడ్డకు రక్తసంబంధి కాడనియు తేలినది. కథ మాఱినందువలన కరుణ తగ్గవలసిన పనిలేదు. కడపటి ఘడియలో పరాయిబిడ్డను చేరదీసెనో, బిడ్డయే వచ్చి చేరెనో మనకు తెలియదు. కడియము కనబడగానే స్త్రీయనియు, బిడ్డ కనబడగానే తల్లియనియు పలుకుట మన అలవాటు. మృతులను గౌరవించుట యనగా మన కథను వారిమీద కప్పకుండుట కూడను.

పాంపేయి చూచుటతో పని ముగియదు. అచ్చటి శ్రేష్ఠవస్తువులు నేపుల్సులోని జాతీయ పురావస్తు ప్రదర్శనశాలలో నున్నవి. దానికి మఱియొక దినము కేటాయింపవలెను. మంగళవారము దానికి సెలవు. అందు రొట్టెల దుకాణమునకు చేరిన యింట దొరకిన యొక దంపతుల చిత్రము కలదు. భర్తచేతిలో గ్రంథపు చుట్ట. భార్యచేతిలో మైనపు పలకయు, గంటమును. గంటపు మొన గడ్డమున కానించి, ఏమి వ్రాయుదునా యన్నట్లు ఆమె చూచుచుండును. చదువును తన చిత్రమున చూపించుకొనదలచిన ఆ యిల్లాలి ముందు కొంతసేపు నిలువుడు.

అదే ప్రదర్శనశాలకు చెందినది మనదేశపు దంతపు బొమ్మ యొకటి. 1938లో పాంపేయిలోని యొక యింట దొరకినది. సుమారు జానెడెత్తు; నగలు నిండుగా దాల్చిన స్త్రీమూర్తి; ఇరుప్రక్కల చెలికత్తెలు. లక్ష్మి యని మొదట పేరిడిరి. యక్షిణియని నేడు పెక్కండ్రు తలచుచున్నారు. దక్కనులో శాతవాహనుల నాటి తేర్, భోకర్దన్ పట్టణములలో ఇట్టి దంతపు బొమ్మలే దొరకినవి. మిరియములకును, సన్నని బట్టలకును రోము ధనము మనదేశమునకు ప్రవహించుచుండెను. ఏటేట అయిదుకోట్ల సెస్టెర్సులను హిందూదేశము హరించుచున్నదని వాపోయినది, పైని చెప్పిన పెద్ద ప్లినీయే. మన వినుకొండలోను, నాగార్జునకొండలోను దొరకిన రోము నాణెములు ఆ వర్తకమునకు సాక్ష్యములు.

చివర నొక మనవి. ఆ పురమున ఒక చిన్న రాయినైనను జ్ఞాపకార్థమని తీసికొనరాదు. గోడల రంగును తాకరాదు. 2010లో అచ్చటి యొక కట్టడము కూలినపిదప ఎంతో ధనము వెచ్చించి యూరంతయు బాగుచేయవలసివచ్చినది. త్రవ్వని మూడవ వంతును చాలవఱకు మంటిక్రిందనే యుంచినారు; మనకంటె మేలైన సాధనములుగల రేపటివారు దానిని తెఱతురు. మనము చూచిపోవునది మన మనుమరాండ్రు కూడ చూడవలసినది. పరుల యింటికి పోయిన పెద్దముత్తైదువ ఏ వస్తువు ఉన్నచోటనే దానిని విడిచి, ఇంటివారి కష్టసుఖములు విచారించి, నెమ్మదిగా వెలుపలికి వచ్చునట్లు పాంపేయి నుండి రావలెను.