తెల్ల సామానుకు ఏ గోడ, ఏ నేల?

ధవళం అంటే తెలుపు. మా ధవళేశ్వరం పేరులోనే తెలుపుంది. కానీ ఊరొచ్చి చూసినవాళ్ళకి తెలుపొక్కటే కాదండీ, చాలా రంగులు కనిపిస్తాయి. రాజమండ్రిని ఆనుకునే ఉంటుంది మా ఊరు. బస్సు దిగి గట్టెక్కితే ఎదురుగా బ్యారేజీ. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కల్లా పాత ఆనకట్ట కట్టించాడు. దానికి కావలసిన రాయి ఇక్కడి కొండనుంచే తీయించి, పట్టాలు వేయించి పెట్టెల్లో తరలించారు. ఆ పాత ఆనకట్టకు బదులుగా కట్టిన బ్యారేజీ 1982కి పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, మొత్తం 175 గేట్లు, మధ్యలో లంకలు.

ఏడాది పొడుగునా గోదారి చీరలు మార్చినట్టే ఉంటుంది. ఎండాకాలం ఇసుక తిన్నెలు లేత గోధుమరంగు. లంకల్లో అరటితోటల పచ్చదనం. శ్రావణంలో ఎర్రనీరు. కార్తీకానికి నీళ్ళు తేరుకుని నీలంగా అవుతాయి. లంక పచ్చదనం మీద కొంగ వాలితే గట్టుమీద నుంచే కనిపిస్తుంది. అదే కొంగ మిట్టమధ్యాహ్నం మెరిసే ఇసుకలో నిలబడితే, కదిలేదాకా ఉందని తెలియదు. తెల్ల సామాను సంగతీ అంతే. తెలుపు తెలుపుగా కనబడాలంటే దాని వెనకా, కిందా వేరే రంగుండాలి.

మా ఇల్లు పాతది. పోయిన ఏడు బాగుచేయించాం. పిల్లలు తెల్ల సోఫా, తెల్ల బీరువా, తెల్ల భోజనాల బల్ల కావాలన్నారు. మామగారి నాటి టేకు మంచం పాలిష్ పోయి మచ్చలు పడితే దానికీ తెల్ల రంగే వేయించాం. తాపీమేస్త్రి "అమ్మా, తెల్ల సామానుకి తెల్ల టైల్సే అందమండి, మెరుపు టైల్స్ వేసేద్దాం" అన్నాడు. మావారూ సరేనన్నారు.

నేను ఒప్పుకోలేదు. కారణం మా అత్తగారు. ఆవిడకి ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండోది ఇంకా కావాలి. అంతకు నెలముందే కాకినాడలో మా ఆడపడుచు ఇంట్లో తెల్ల నేలమీద తెల్ల సోఫాలో కూర్చోబోయి, అంచెక్కడుందో పోల్చుకోలేక సగం సగం కూర్చుని జారారు. పక్కనే మా అమ్మాయి ఉండి పట్టుకుంది కాబట్టి సరిపోయింది. శుక్లం ఉన్న కంటికి రంగుల తేడా మసకబారుతుంది, మెరుపు మాత్రం కొట్టొచ్చినట్టు తగులుతుంది. అంచేత రంగులు కలపడం ఒక్క అందం కోసమే కాదు, ఇంట్లో పెద్దవాళ్ళు పడకుండా ఉండడానికి కూడా.

తెల్లగది ముచ్చట కొత్తదేం కాదు. లండన్‌లో సిరీ మామ్ అనే గృహాలంకరణ నిపుణురాలు 1927లో తన ఇంట్లో అంతా తెలుపుతో అలంకరించిన గదితో పేరు తెచ్చుకుంది. ఆవిడ కూడా ఒకే తెలుపు వాడలేదు, తెలుపులో రకరకాల ఛాయలు కలిపింది. పైగా వాళ్ళది వెలుతురు తక్కువ దేశం, దొరికిన కాస్త వెలుగునీ తెలుపుతో పెంచుకోవాలి. మనకి ఎండకి కరువా చెప్పండి? పైగా గోదారి మా ఊరికి పడమట. సాయంత్రం ఎండ నీళ్ళమీద పడి కిటికీలోంచి కళ్ళలోకే కొడుతుంది.

ముందు మీ సామాను ఏ తెలుపో చూసుకోండి. దాని పక్కన తెల్ల కాగితం పెట్టండి. కాగితం కంటే మీగడలా ఉంటే పసుపు తెలుపు, నీలిమందు పెట్టిన పంచెలా ఉంటే నీలి తెలుపు. పసుపు తెలుపుకి ఇసుకరంగు, లేత గంధం, లేత ఆకుపచ్చ నప్పుతాయి. నీలి తెలుపుకి బూడిదరంగు, లేత నీలం బాగుంటాయి. నీలి తెలుపు బీరువా వెనక మీగడరంగు గోడ ఉంటే గోడ మాసినట్టు కనిపిస్తుంది. పాత చెక్కకి రంగు వేయించేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోండి. నూనెతో కలిసే ఎనామిల్ తెలుపు, వెలుతురు తగలని మూలల్లో కొన్నాళ్ళకి పసుపెక్కుతుంది. నీళ్ళతో కలిసే రకం అంతగా మారదు.

ఇక గోడలు. పడమటి గదికి సాయంత్రం ఎండలో ఎరుపు కలుస్తుంది కనుక లేత ఆకుపచ్చ, బూడిదరంగు లాంటి చల్లని రంగులు మేలు. ఉత్తరపు గదిలో వెలుగు చల్లగా ఉంటుంది కాబట్టి అక్కడ గంధం, ఇసుకరంగు వేసుకోవచ్చు. షాపువాళ్ళ కార్డుమీద అంగుళం ముక్క చూసి గది మొత్తానికి చెప్పేయకండి. గోడంతా పరుచుకున్నాక అదే రంగు గాఢంగా కనిపిస్తుంది. చిన్న డబ్బా తెచ్చి రెండడుగుల అట్టమీద రెండు పూతలు వేసి, సామాను పక్కన నిలబెట్టి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి దీపం వెలుగులో చూడండి. బల్బు డబ్బామీద 6500 అని ఉంటే అది నీలి తెల్ల వెలుగు, 3000 అని ఉంటే పచ్చటి వెలుగు. బల్బు మారితే గోడరంగూ మారినట్టే ఉంటుంది.

మనవైపు చెమ్మ ఎక్కువ. కొత్తగా పూసిన సిమెంటు గోడని నెల్లాళ్ళు ఆరనివ్వకుండా రంగు వేస్తే పొక్కులొస్తాయి. పాత గోడకి అడుగున ఉప్పు పొంగుతుంటే ముందు చెమ్మకి మందు చూడాలి, తరవాతే రంగు. మెరుపులేని రంగు గోడ ఎత్తుపల్లాల్ని దాస్తుంది. కొంచెం నిగారింపు ఉన్న రకమైతే తడిగుడ్డతో తుడుచుకోవచ్చు. అందుకని వంటింటికీ, పిల్లలు చేతులానించే నడవకీ రెండోదే మంచిది.

అన్నిటికంటే నేల ముఖ్యం. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఎగరేస్తారు. 1986 ఆగస్టు వరద గురించి పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. 2022 జులైలో కూడా మూడో హెచ్చరిక దాకా వచ్చింది. అలాంటి వానల్లో బయటినుంచి వచ్చే ప్రతి పాదం ఎర్రమట్టి తెస్తుంది. తెల్ల నేల గంటకోసారి తుడవమంటుంది. చీమకుర్తి నల్ల గ్రానైట్ అందమే గానీ నిగనిగలాడే నలుపుమీద దుమ్మూ, అడుగులూ ఇట్టే కనిపిస్తాయి. తుడుపు బాధ తగ్గాలంటే మధ్యరకం రంగులే దిక్కు: బూడిదరంగు, ఇసుకరంగు, కాస్త చుక్కలున్న టైల్స్, తాండూరు రాయి. పాత ఇళ్ళల్లో ఎర్ర గచ్చు బాగుంటే తవ్వించకండి. ఎర్ర గచ్చుమీద తెల్ల మంచం వేసి చూడండి, ముగ్గు వేసినట్టు ఉంటుంది.

మేం హాల్లో మెరుపులేని బూడిదరంగు టైల్స్ వేయించి, గోడలకి ఇసుకరంగు వేశాం. టైల్స్ సందులకి కూడా బూడిదరంగే నింపించాం, తెల్ల సందులైతే నెల తిరిగేసరికి నల్లబడతాయి. గోడ అడుగున నాలుగంగుళాలు నేలరంగు టైలే ఎక్కించాం, మాపు మరకలు గోడకి అంటవు. అత్తగారి గదిలో ఎర్ర గచ్చు అలాగే ఉంచి, మంచం వెనక ఒక్క గోడకి లేత అరటాకు రంగు వేయించాం. బీరువా నేలకి ఆనకుండా కాళ్ళమీద నిలబెట్టాం. పైకి తెల్లగా కనిపించే చెక్కపొట్టు పలకలు చెమ్మ తగిలితే ఉబ్బిపోతాయి. మిగిలిన పచ్చదనానికి కడియం నర్సరీలు పక్కనే ఉన్నాయి, నాలుగు కుండీలు తెచ్చుకున్నాం.

ఇప్పుడు మా అత్తగారు రాత్రి లేచినా ఎవర్నీ పిలవకుండా మంచం అంచు చూసుకుని కూర్చుంటున్నారు. "గచ్చు ఎర్రగా ఉంది కాబట్టి తెలుస్తోందే అమ్మాయ్" అంటారు.

మీరూ టైల్స్ కొనేముందు షాపువాణ్ణి నాలుగు ముక్కలు అడిగి ఇంటికి తెచ్చుకోండి. తెల్ల కుర్చీ కాళ్ళ కింద పెట్టి, ఇంట్లో పెద్దవాళ్ళని ఆ కుర్చీ దగ్గరికి నడిపించి చూడండి. వాళ్ళు తడుముకోకుండా కూర్చోగలిగితే ఆ రంగు మీ ఇంటికి కుదిరినట్టే. బిల్లు ఆ తరవాత కట్టొచ్చు.