ఊంట్‌వాలాల పాట ఎక్కడ?

మా ఆపా నవాసా అడిలైడ్‌లో పుట్టాడు. వాడికిప్పుడు ఏడేళ్ళు. మొన్న ఈద్ రోజు వీడియో కాల్‌లో నానీకి సలాం చెప్పాడు, ఈదీ ఎంతిస్తావని అడిగాడు, తర్వాత స్కూల్లో నేర్చుకున్న పాట ఒకటి చేతులూపుతూ పాడాడు. ఫోన్ పెట్టేశాక ఆపా నా వైపు తిరిగింది.

"క్యా గానా హై రే ఏ? నాత్ ఒక్కటీ సరిగా రాదు వీడికి. మటిల్డా మటిల్డా అంటున్నాడు. ఎవరా పిల్ల?"

మటిల్డా పిల్ల కాదు ఆపా, బిస్తర్ మూట అన్నాను.

ఆస్ట్రేలియాలో పని వెతుక్కుంటూ ఊరూరా తిరిగే మజ్దూర్లు తమ దుప్పటి మూటకి ముద్దుగా పెట్టుకున్న పేరది. ఆ మూట భుజానేసుకుని నడవడాన్ని వాల్ట్‌జింగ్ మటిల్డా అన్నారు. పాటలో ఖిస్సా ఇంతే. ఇల్లూ వాకిలీ లేని ఒక ముసాఫిర్ నీటి మడుగు పక్కన చెట్టు కింద కూర్చుని టీ కాచుకుంటుంటాడు. నీళ్ళు తాగడానికి ఒక గొర్రె వస్తుంది. పట్టి సంచిలో వేసుకుంటాడు. అంతలో భూస్వామి గుర్రమెక్కి వస్తాడు, వెనకే ముగ్గురు పోలీసులు. వాళ్ళ చేతికి చిక్కడం ఇష్టం లేక అతను మడుగులో దూకేస్తాడు. అతని రూహ్ ఇప్పటికీ అక్కడ పాడుతూనే ఉంటుందట.

"హాయ్ అల్లా! ఒక్క గొర్రె కోసమా?" అంది ఆపా. నాత్ సంగతి కాసేపు మరిచిపోయింది.

ఆ పాటని 1895లో బాంజో పాటర్సన్ అనే కవి క్వీన్స్‌లాండ్‌లో డాగ్‌వర్త్ అనే పెద్ద గొర్రెల క్షేత్రంలో రాశాడు. ఆ ఇంటి యజమాని చెల్లెలు క్రిస్టినా మాక్‌ఫర్సన్ వాయించిన ఒక పాత బాణీకి మాటలు కట్టాడు. అంతకు ముందు ఏడాదే గొర్రెల ఉన్ని కత్తిరించే కూలీలు హర్తాళ్ చేశారు, అదే డాగ్‌వర్త్‌లో ఉన్ని షెడ్డు కాలిపోయింది. అంటే పిల్లలు చప్పట్లు కొట్టి పాడే ఆ పాట వెనక ఆకలి ఉంది, మాలిక్‌కీ మజ్దూర్‌కీ మధ్య జగడం ఉంది. 1977లో జాతీయ గీతం ఏది కావాలని ఆ దేశం జనాన్నే అడిగితే ఈ పాట రెండో స్థానంలో నిలిచింది. ఒక గొర్రె దొంగ పాటకి అంత ఇజ్జత్!

ఆ దేశంలో పాటకీ నేలకీ ఉన్న రిష్తా అంగ్రేజులు పోయి తెచ్చిపెట్టింది కాదు. అక్కడి ఆదివాసీలు వేల ఏళ్ళ నుంచి దారుల్ని పాటల్లోనే దాచుకున్నారు. ఏ కొండ దగ్గర ఎటు తిరగాలి, ఎడారిలో నీళ్ళెక్కడ దొరుకుతాయి, అన్నీ పాటలోనే. పాట మరిచిపోతే దారి తప్పినట్టే.

తర్వాత వచ్చినవాళ్ళ పాటలు కూడా అదే నేల మీద నిలబడ్డాయి. ఎరిక్ బోగల్ పుట్టింది స్కాట్లాండ్‌లో. 1969లో ఆస్ట్రేలియా వెళ్ళాడు. 1971లోనే ఆ దేశపు పెద్ద గాయం మీద పాట రాశాడు. మూట భుజానేసుకుని హాయిగా తిరిగే ఒక కుర్రాడి చేతికి తుపాకీ ఇచ్చి 1915లో గల్లిపోలీకి పంపుతారు. రెండు కాళ్ళూ పోగొట్టుకుని తిరిగొస్తాడు. ఓడ రేవులో బ్యాండ్ మాత్రం అదే మటిల్డా పాట వాయిస్తుంటుంది. అవతలి వైపు తుర్కులు కూడా తమ లాషుల్ని పూడ్చుకోవడం ఆ పాటలో ఉంది. నాలాంటివాడు ఆ పాట వింటే రెండు వైపులకీ ఫాతెహా చదవాలనిపిస్తుంది.

ఇంకో పాట గురిందీ అనే ఆదివాసీ తెగది. 1966 ఆగస్టులో వేవ్ హిల్ అనే పశువుల క్షేత్రం నుంచి విన్సెంట్ లింగియారి నాయకత్వంలో సుమారు 200 మంది పని వదిలేసి బయటికి నడిచారు. అది ఒక అంగ్రేజు కంపెనీ నడిపే క్షేత్రం. మొదట అడిగింది సరైన కూలి. తర్వాత అడిగింది తమ జమీన్. తొమ్మిదేళ్ళు సబర్ చేశారు. 1975లో ప్రధాని గాఫ్ విట్లమ్ స్వయంగా అక్కడికి వెళ్ళి లింగియారి చేతిలో గుప్పెడు మట్టి పోశాడు. ఈ ఖిస్సాని పాల్ కెల్లీ, కెవ్ కార్మొడీ కలిసి పాట కట్టారు. ఒకాయన తెల్లవాడు, ఇంకొకాయన ఆదివాసీ తల్లి బిడ్డ. ఒక మూల జరిగిన హక్ లడాయి ఆ పాటతో దేశమంతటికీ తెలిసింది.

ఇక మనవాళ్ళ సంగతికి వస్తాను.

1860లో కరాచీ నుంచి 24 ఒంటెలు ఓడలో మెల్‌బోర్న్ వెళ్ళాయి, వాటితో పాటు ఊంట్‌వాలాలు. తర్వాత అరవై ఏళ్ళలో అలా వెళ్ళినవాళ్ళు సుమారు 2,000 మంది. పెషావర్, బలూచిస్తాన్, సింధ్, పంజాబ్, ఎక్కడివాడైనా అక్కడ అందరికీ ఒకటే పేరు, అఫ్ఘాన్. గుర్రం చచ్చిపోయే ఎడారిలో వాళ్ళ ఒంటెలు తంతి స్తంభాలు మోశాయి, రైలు పట్టాలు మోశాయి, గోధుమ పిండి మోశాయి, ఉన్ని మోశాయి. అడిలైడ్ నుంచి డార్విన్ వెళ్ళే రైలుకి ఘాన్ అని పేరొచ్చింది వాళ్ళ వల్లనే అంటారు. మారీ అనే ఊళ్ళో రైలు పట్టాలకి ఒక పక్క తెల్లవాళ్ళు, ఇంకో పక్క వీళ్ళూ ఆదివాసీలూ. చివరికి కబ్రస్తాన్‌లో కూడా వేరే జాగానే. 1901లో రంగువాళ్ళని రానివ్వని చట్టం వచ్చింది. ఆ తర్వాత లారీలొచ్చాయి, ఒంటెలకి పని పోయింది. కొందరు వాపసు వచ్చారు, కొందరు ఆదివాసీ ఆడవాళ్ళతో నికాహ్ చేసుకుని అక్కడి మట్టిలో కలిసిపోయారు.

మరి వీళ్ళ పాట ఎక్కడ? గొర్రె దొంగది ఉంది, కాళ్ళు పోయిన సిపాయిది ఉంది, భూమి గెలిచిన గురిందీలది ఉంది. స్కూల్లో పిల్లలందరూ పాడే పాటల్లో ఎడారిని దాటించిన ఊంట్‌వాలాది మాత్రం వినపడదు.

వాళ్ళకి పాడటం రాకనా? కాదు. బ్రోకెన్ హిల్ అనే గనుల ఊళ్ళో ఊంట్‌వాలాలు కట్టుకున్న రేకుల మస్జిద్ ఒకటుంది. అందులో ఒక పాత పుస్తకం ఉండేది. చరిత్ర రాసినవాళ్ళు అది ఖురాన్ అనుకున్నారు. సామియా ఖాతూన్ అనే చరిత్రకారిణి వెళ్ళి తెరిచి చూస్తే బెంగాలీ అక్షరాలు. కలకత్తాలో అచ్చయిన కససుల్ అంబియా, దాదాపు 500 పేజీల పద్యాలు. మన ఇళ్ళల్లో దాదీలు ఉర్దూలో చదివి వినిపించే నబీల ఖిస్సాలే అవి, బెంగాలీలో గొంతెత్తి పాడుకునేలా రాసినవి. 2018లో వచ్చిన ఆమె పుస్తకం 'ఆస్ట్రేలియానామా'లో ఈ సంగతంతా ఉంది.

నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదే. ఎడారి మధ్య పాటల పుస్తకం ఉంది. పక్కింటివాడికి ఆ జుబాన్ రాదు. ఆ ఊరి జుబాన్‌లో ఆ పాట చెప్పేవాడు లేకపోయాడు. పాట కాస్తా ఎవరూ తెరవని ముఖద్దస్ కితాబ్ అయిపోయి మూల కూర్చుంది. బోగల్‌కి రెండేళ్ళు చాలాయి, ఎందుకంటే జుబాన్ అదే, రంగు అదే. ఊంట్‌వాలాకి అరవై ఏళ్ళు చాలలేదు.

ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో ఎందుకు రాస్తావని నన్ను చాలామంది అడుగుతారు. జవాబు ఆ రేకుల మస్జిద్‌లో ఉంది. మా అమ్మీ దర్ద్ ఉర్దూలో చెప్తే మా మొహల్లా ఏడుస్తుంది. గోడ అవతలి సావిత్రమ్మకి కూడా తెలియాలంటే తెలుగులో చెప్పాలి. ఉర్దూ పోగొట్టుకోమని కాదు. ఆ పుస్తకం దాచినవాళ్ళు లేకపోతే సామియా ఖాతూన్‌కి తెరవడానికి ఏముండేది? దాచేవాళ్ళూ కావాలి, తెరిచి నలుగురి జుబాన్‌లో చెప్పేవాళ్ళూ కావాలి.

అందుకే ఆపాతో అన్నాను, వాణ్ణి పాడనీ. నాత్ నువ్వు నేర్పు, మటిల్డా స్కూలు నేర్పుతుంది. వాళ్ళ ఊరి నడిబొడ్డున లిటిల్ గిల్బర్ట్ స్ట్రీట్‌లో 1888-89లో ఊంట్‌వాలాలు కట్టుకున్న మస్జిద్ ఇప్పటికీ ఉంది, జుమ్మా నమాజ్ జరుగుతూనే ఉంది. నాలుగు మీనార్లు తర్వాత 1903లో లేపారు. ఒక జుమ్మాకి వాణ్ణి అక్కడికి తీసుకెళ్ళి, ఈ గోడలు ఎవరు కట్టారో, ఎంత దూరం నుంచి వచ్చారో చెప్పమని బేటీకి చెప్పు.

సిడ్నీలో, మెల్‌బోర్న్‌లో, పెర్త్‌లో పిల్లలున్న ఘర్‌వాలాలందరికీ నా మాట ఇదే. ఖిస్సా మీరు ఉర్దూలోనో తెలుగులోనో చెప్పండి. ఇంగ్లీషు వాళ్ళకి ఎలాగూ వస్తుంది. ఊంట్‌వాలాల పాట బాకీ ఉంది. అది కట్టే పిల్ల ఎవరి ఇంట్లో ఉందో అల్లాకే తెలుసు.