మొవ్వు తిరిగిన చెట్లు

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది తిత్లీ. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. తిత్లీ అంటే సీతాకోకచిలుకట! ఉద్దానంలో ఆ పేరుని ఎవరూ ముద్దుగా పలకరు.

నేను హైదరాబాద్ నుంచి వెళ్లేసరికి తాతయ్య తోటలో ఎటు చూసినా ఆకాశమే. జీడిచెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. అడ్డంగా పడ్డ కొబ్బరిచెట్లు ఎక్కి దిగుతూ నడిచాం. నిలబడి ఉన్నవాటిని చూపించి తాతయ్య అన్నాడు: "ఈటికీ మొవ్వు తిరిగిపోనాదిరా. నిలబడ్డాయి, అంతే."

కొబ్బరికి కొమ్మలుండవు. చెట్టు పెరిగేది ఒక్కచోటే, నడినెత్తిన ఉండే మొవ్వులో. గాలి దాన్ని మెలిపెట్టేస్తే పక్కనుంచి ఇంకో చిగురు రాదు. చెట్టు నిలబడే, నెలల తరబడి చస్తుంది. కూలిన చెట్లని లెక్కపెట్టడం తేలిక. ఇలాంటివాటిని నష్టం కాగితంలో ఏ గడిలో రాస్తారు?

కొబ్బరిచెట్టుని అక్కడ పెద్దకొడుకంటారు. ఊరికే అనలేదు. అసలు కొడుకులు పనులకని ఊరు దాటాక ఇల్లు నడిపింది ఈ చెట్లే. కొత్త మొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్లు. తాతయ్యకి అప్పటికే డెబ్బై ఆరు.

ఆ నెల నుంచి ఆయన మందుల డబ్బులు నేను పంపుతున్నాను. మొదటి రెండుసార్లు వెనక్కి పంపేశాడు.