నెట్టు రావాలంటే నెట్టుండాలె

మా వాడకు ఏదొచ్చినా ఆఖరుకే వస్తది. కరెంటు ఊర్లోకొచ్చిన పదకొండేండ్లకు మాకొచ్చింది. నల్లా అంతే. సీసీ రోడ్డు అంతే. 2021లో ఊరికి ఫైబర్ కేబుల్ వచ్చింది. బొడ్రాయి దాటి, పటేండ్ల వీధి తిరిగి, బడి దాకా పోయి ఆగింది. బడికీ మా వాడకూ నడుమ ఒక్క కుంట కట్ట. కేబులాయన్ని అడిగితే "మీ దిక్కు పదిహేను కనెక్షన్లు ఖాయమైతే వేస్త" అన్నడు. ఊర్లో ఒక్కొక్క ఇంటికి వేసుకుంట పోయినోడు మా దగ్గరకొచ్చేసరికి మూకుమ్మడి లెక్క తీసిండు.

మా వాడ ఊరికి తూర్పున ఉంటది. చాలా ఊర్లల్ల అంతే. పడమటి గాలి ఊరి మీదుగా వచ్చి మాకు తగలొచ్చు గని, మా మీది గాలి ఊరికి తగలొద్దని పెద్దలు కట్టిన లెక్క అది. నా చిన్నతనంలో గ్రామపంచాయతీలో రేడియో ఉండేది. పొద్దుగూకినంక దానికి మైకు తగిలించి వార్తలు, రైతుల కార్యక్రమం వినిపించేటోళ్ళు. గద్దె మీద కూసొని వినేటోళ్ళు కొందరు. మేము మాత్రం పడమటి గాలి వీచిన రోజు వినేటోళ్ళం. మా నాయినకు ఆ రేడియో అంటే లెక్కనే లేదు. "ఊర్లె ఏం చెప్పాలన్నా ముందు నాకే గద చెప్తరు" అని నవ్వేటోడు. చాటింపు ఆయన పని. పన్ను వసూళ్ళైనా, కల్లాల దగ్గర కొలతలైనా, తప్పిపోయిన బర్రైనా, డప్పు కొట్టుకుంట వీధివీధికీ చెప్పేది ఆయనే. చెప్పినందుకు కూలి లేదు. వెట్టి.

ఈ ముచ్చట ఎందుకు తీసిన్నంటే, వైఫై పెట్టె చేసే పని కూడా చాటింపే. "నేను ఫలానా, ఇక్కడున్న" అని తన పేరును సెకనుకు దాదాపు పదిసార్లు చుట్టుపక్కల చెప్తనే ఉంటది. మన ఫోన్లల్ల కనబడే పేర్ల జాబితా ఆ చాటింపు వినంగ తయారైందే. మా చెల్లె ఇంటి స్లాబెక్కి ఫోన్ తీస్తే కట్ట అవతలి బంగ్ల పేరు కనబడతది. ఇంటిపేరు, దాని వెనక కులం పేరు, పక్కన తాళం బొమ్మ. నా చిన్నప్పుడు వాళ్ళ పేరు మా వాడకు చేరాలంటే మా నాయిన డప్పు పట్టుకోవాల్సొచ్చేది. ఇప్పుడా అవసరం లేదు.

ఇక అసలు పని. 2022లో మా చెల్లె కొడుకు ఇంటర్ పాసయిండు. తెలంగాణలో డిగ్రీ సీట్లు 2016 నుంచి 'దోస్త్' అనే ఆన్‌లైన్ పద్ధతిలోనే ఇస్తున్నరు. పేరు నమోదు చేసుకోవాలె, ఏ కాలేజీ, ఏ కోర్సు కావాల్నో వరుసగ పెట్టుకోవాలె. వాటినే వెబ్ ఆప్షన్లంటరు. ఆ వరుస చాలా ముఖ్యం. మార్కులు, రిజర్వేషన్ చూసి, వరుసలో మనకు అందే మొదటి సీటు ఇస్తరు. రెండోదాన్ని మొదట పెడితే రెండోదే వస్తది.

పిల్లగాడు మండల కేంద్రంలో ఒక నెట్ సెంటరుకు పోయిండు. జనం నిండా ఉన్నరు. కుర్చీల ఉన్నాయన కాగితాలు చూసి, అందరూ వినేటట్టు, "ఎస్సీనా? రీయింబర్స్‌మెంటే గద, ఏ కాలేజైతే ఏంది నీకు" అన్నడట. ఆప్షన్లు ఆయనే కొట్టిండు. పిన్ నంబరు రాసిన కాగితం గూడ చేతికియ్యలే. సీటు ఎక్కడో రెండు బస్సులు మారిపోయే ప్రైవేటు కాలేజీల పడ్డది. ఆ నెట్ సెంటరాయన ఆ ఒక్క కాలేజీకే ఎంతమందిని పంపిండో మా వాడలో లెక్క తీస్తే ఐదుగురు తేలిండ్రు. మావోడు ఆర్నెల్లు పోయి మానేసిండు. ఇప్పుడు శంషాబాద్ దిక్కు గోదాంలో డబ్బాలు మోస్తున్నడు.

2024 మే నెలలో వాని చెల్లె వంతొచ్చింది. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన పిల్ల. కంప్యూటర్ మీద చెయ్యి తిరిగింది. "మామా, నెట్ సెంటర్‌కు పోను. నా ఆప్షన్లు నేనే పెట్టుకుంట" అన్నది. ఫోన్‌లో కూడా చేయొచ్చంటరు. చేసి చూడుండ్రి. అరచేతంత తెర మీద వందల కాలేజీల జాబితాను కిందికీ పైకీ జరుపుకుంట వరుస పెట్టుడంటే గడ్డివాములో సూది వెతుకుడే. ఒక్క వేలు జారితే వరుస మారుతది.

నా దగ్గర ల్యాప్‌టాప్ ఒకటుంది. నేను ఇరవై రెండేండ్లు చిక్కడపల్లిలో డీటీపీ పని చేసిన. మన కరపత్రాలు, మన పత్రికలు రాత్రుళ్ళు కూసొని కంపోజ్ చేసిన చేతులివి. ప్రెస్సు మూతపడ్డప్పుడు నాలుగు నెలల జీతం బాకీకి బదులు ఓనరు దాన్ని నా చేతిల పెట్టిండు. 2008లో తయారైంది. కోర్ 2 డుయో, 2 జీబీ మెమరీ. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, వైరు పీకితే అదీ చస్తది. అండ్ల విండోస్ 7 ఉండె. దానికి 2020 జనవరి 14తో మద్దతు ఆగింది, 2023 నుంచి కొత్త క్రోమ్ ఎక్కుతలేదు. కొత్త బ్రౌజర్ లేకుంటే చానా వెబ్‌సైట్లు సరిగ తెరుచుకోవు. యంత్రం మంచిగనే ఉంటది గని లోకం దాన్ని ముసలిదని తీర్మానిస్తది.

మా వాడ పిల్లగాడొకడు యూనివర్సిటీల పీజీ చేస్తున్నడు. సెలవులకొచ్చినోడు పెన్‌డ్రైవ్ తెచ్చి, "కాకా, లైనక్స్ వేస్త, ఖర్చు లేదు" అని డెబియన్ 12 వేసిండు. గంటసేపట్ల ముసలి యంత్రం లేచి కూసున్నది. తెలుగు అక్షరాలు నాకు కండ్లనిండా కనబడ్డయి. అన్నీ ఉన్నయి, వైఫై లేదు. జాబితా ఖాళీ గూడ కాదు, అసలు జాబితానే లేదు.

మా ఇంట్ల వైఫై ఎందుకంత అవసరమో చెప్పాలె. మా వాడ కుంట కింద పల్లంల ఉంది. ఇంట్ల ఫోన్ సిగ్నల్ రాదు. స్లాబెక్కితే రెండు గీతలు. కాబట్టి ఫోన్ స్లాబు మీద ఉండాలె, పిల్ల, ల్యాప్‌టాప్ కింద నీడల ఉండాలె. మే నెల ఎండల స్లాబు మీద కూసొని ఎవరు ఆప్షన్లు పెడతరు? ఫోన్ హాట్‌స్పాట్ గాలిలోంచి కిందికి దిగాలె. తీగ అంత పొడుగుండదు.

పిల్లగాడు ఒక్కొక్కటి చూసిండు. ఇసువంటి పాత ల్యాప్‌టాప్‌లకు పక్కన వైర్‌లెస్ బటన్ ఒకటుంటది. వేలు తగిలి జరిగిందంటే ఎన్ని తంటాలు పడ్డా రాదు. అది సక్కగనే ఉంది. 'ఆర్‌ఎఫ్‌కిల్' అని ఒక కమాండ్ కొడితే ఎక్కడన్న అడ్డం పడ్డదా అనేది తెలుస్తది. అడ్డం లేదు. తర్వాత 'ఎల్‌ఎస్‌పీసీఐ' కొట్టిండు. లోపలి వైఫై చిప్పు గుర్తు నంబరు 14ఈ4:4315 అని వచ్చింది. పాత ల్యాప్‌టాప్ ఎవరి దగ్గరన్న ఉంటే ముందు ఈ నంబరు చూసుకోండి. అది తెలిస్తే సగం పని అయినట్టే. చివరికి యంత్రం తన రోజువారీ చిట్టాలో రాసుకున్న మాట దొరికింది. 'యూకోడ్15' అనే ఫైలు కనబడతలేదంట.

అదే ఫర్మ్‌వేర్. చిప్పు లేవంగనే దాని చెవిలో చెప్పాల్సిన మంత్రం. చిప్పు మనది, పైసలు పెట్టి కొన్నది, మన ల్యాప్‌టాప్ కడుపులోనే ఉంది. మంత్రం మాత్రం చిప్పు చేసిన కంపెనీది. దాన్ని వేరేవాళ్ళు పంచిపెట్టొద్దని షరతు. డెబియన్ వాళ్ళు 2022లో ఓట్లు వేసుకొని, కంపెనీల ఫర్మ్‌వేర్‌ను ఇన్‌స్టాలర్‌లోనే కలపాలని తీర్మానించుకున్నరు. 2023 జూన్‌లో వచ్చిన ఈ 12లో అట్ల కలిపిండ్రు కూడా. పంచొద్దన్న ఫైలును ఎట్ల కలుపుతరు? కాబట్టి మా చిప్పుది అండ్ల లేదు. దాన్ని నెట్టులోంచి దింపుకోవాలె. నెట్టు రావాలంటే నెట్టుండాలె. పుస్తకం చదవనోనికి బడిలో చోటు లేదు, బడికి రానోనికి పుస్తకం లేదు అన్నట్టు.

ఈ చిప్పు కథ వింటే మీకు కూడా సంబురమైతది. దాన్ని లైనక్స్‌లో పనిచేయించే ప్రోగ్రాం కంపెనీ ఇచ్చింది కాదు. కంపెనీ వివరాలు బయటపెట్టనప్పుడు కొందరు వాలంటీర్లు రెండు జట్లయిండ్రు. ఒక జట్టు కంపెనీ డ్రైవరును విప్పి చూసి, చిప్పు ఎట్ల నడుస్తదో మామూలు మాటల్లో రాసిపెట్టింది. రెండో జట్టు ఆ రాత మాత్రమే చదివి, అసలుదాన్ని కంటితో చూడకుండ, కొత్తగ రాసింది. దొంగతనం అనే మాట ఎవరూ అనకుండ అంత జాగ్రత్త. 2006లో మొదటి డ్రైవర్ లైనక్స్‌లోకి వచ్చింది, 2008 జనవరిలో 'బీ43' వచ్చింది, మా ల్యాప్‌టాప్‌లో ఉన్న రకానికి 2009 చివరకు అందింది. వేదం వింటే చెవుల సీసం పోయమన్న ధర్మశాస్త్రం ఉన్న దేశంలో పుట్టినోళ్ళం, వినకుండనే నేర్చుకున్న ఈ జట్ల తెలివి మనకు తొందరగ అర్థమైతది. మా నాయిన ఏ బడిలో నేర్చుకున్నడు తోలు పని? విప్పి చూసి నేర్చుకున్నడు.

ఇంకో ముచ్చట. డెబియన్‌లో కూడా ఊరుంది, ఊరి బయటుంది. సొంతంగ స్వేచ్ఛగా ఉన్న ప్రోగ్రాములు 'మెయిన్'లో ఉంటయి. తాళం వేసుకున్నవీ, తాళం వేసినదాని మీద ఆధారపడేవీ వేరే విభాగాల్లో ఉంటయి. మాకు కావాల్సిన ఇన్‌స్టాలర్ 'కాంట్రిబ్' అనే దాంట్ల ఉంది. తాళం వేసుకున్నోన్ని బయటుంచుడు అనే పద్ధతి మాత్రం నాకు మస్తు నచ్చింది.

తెల్లారి నాలుగున్నరకు, ఎండ రాకముందే, ల్యాప్‌టాప్‌ను స్లాబు మీదికెక్కించినం. బ్యాటరీ లేదు కాబట్టి పక్కింటోళ్ళ దగ్గర ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చి కిటికీలోంచి పైకి లాగినం. మా చెల్లె కింద నిలబడి "అన్నా, కరెంటు తగులతది, పైలం" అని ఒకటే మొత్తుకుంటున్నది. ఫోన్‌ను ఛార్జింగ్ తీగతో ల్యాప్‌టాప్‌కు కలిపి, ఫోన్‌లో 'యూఎస్‌బీ టెథరింగ్' నొక్కినం. అట్ల చేస్తే ల్యాప్‌టాప్ దాన్ని మామూలు తీగనెట్టు లెక్కనే చూస్తది, దానికి వైఫైతో పని లేదు. పిల్లగాడు కాంట్రిబ్‌ను కలిపి బీ43 ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్ కొట్టిండు. అది కంపెనీ పాత డ్రైవర్ ఫైలును దింపుకొని, అండ్లకెల్లి మంత్రాన్ని కోసి తీస్తది. కోసేదాని పేరే కట్టర్. మా ఇంట్ల రంపె ఉండేది. తోలులోంచి చెప్పు అడుగును అట్లనే కోసి తీసేటోడు మా నాయిన, మిగిలిందాన్ని పక్కన పడేసి.

ల్యాప్‌టాప్‌ను ఒకసారి ఆపి లేపినం. జాబితా వచ్చింది. బంగ్ల పేరొచ్చింది, తాళం బొమ్మతో. మా ఫోన్ హాట్‌స్పాట్ మాత్రం రాలే. మూరెడు దూరంల ఉన్న ఫోన్ కనబడదట, కట్ట అవతలిది కనబడతదట!

పిల్ల ఫోన్ తీసుకొని సెట్టింగులల్ల వెతికి నవ్వింది. "మామా, ఇది ఐదు గిగాహెర్ట్జ్‌ల ఉంది." కొత్త ఫోన్లు హాట్‌స్పాట్‌ను 5 గిగాహెర్ట్జ్‌లో పెడుతున్నయి కొన్ని. పాత ల్యాప్‌టాప్‌లల్ల చానావాటికి 2.4 ఒక్కటే వినబడతది. అరిచి మొత్తుకున్నా మిగతాది వాటికి చెవికెక్కదు. అదే చోట భద్రత డబ్ల్యూపీఏ3 అని ఒక్కటే ఉంటే డబ్ల్యూపీఏ2కు మార్చుకోవాలె. ఆ రెండూ మార్చంగనే వచ్చింది. మార్చేటప్పుడే హాట్‌స్పాట్‌కు పేరు పెట్టమని అడిగితే పిల్ల వాళ్ళ తాత పేరు కొట్టింది. మా నాయిన పేరు.

ల్యాప్‌టాప్‌ను కిందికి దించినం. స్లాబుల ఇనుము సిగ్నల్‌ను మింగుతది, అందుకే ఫోన్‌ను తలుపుకు సరిగ్గ పైన, స్లాబు అంచుకు పెట్టినం. ఎండకు కాగిపోకుండ మీద గంప బోర్లించినం. వేగం గొప్పగ లేదు. ఓటీపీ వచ్చినప్పుడల్లా మా చెల్లె చిన్నోడు మెట్లెక్కి, గంప లేపి, నంబరు చూసి కిందికి అరిచేది. పిల్ల కొట్టేది. 200 రూపాయలు కట్టి నమోదైంది. కాలేజీల జాబితా కాగితం మీద రాసుకొని, కొట్టేసి, మళ్ళ రాసి, రెండు రోజులు తన్లాడింది. హాస్టల్ ఉన్నదేది, లేబ్ ఉన్నదేది, ఇంటి నుంచి ఎంత దూరం, అన్నీ. మొదటి ఆప్షన్ కోఠి ఉమెన్స్ కాలేజీ పెట్టింది. 2022లో మహిళా విశ్వవిద్యాలయం అయింది గద, అది. నేను రెండో మాట చెప్పబోతే "నువ్వాగు మామా" అన్నది.

సీటు రెండో ఆప్షన్‌ల వచ్చింది. అది గూడ తను రాసుకున్నదే. వాళ్ళన్న ఆ రాత్రి గోదాం నుంచి ఫోన్ చేసి ఎంతసేపటికీ ఏం మాట్లాడలే, "పిన్ నంబరు పైలంగ పెట్టుకో" అన్నడు.

ఆ వారంల మా వాడ పిల్లలు ఇంకా ఆరుగురొచ్చిండ్రు, కాగితాలు సంచులల్ల పెట్టుకొని. ఇద్దరు అవతలి వాడోళ్ళు, మాలోళ్ళ పిల్లలు. ఒకరు చేస్తుంటే మిగతావాళ్ళు అరుగు మీద కూసొని వరుసలు రాసుకునేటోళ్ళు. కట్ట మీద మేకలు కాసే పోరడొకడు వచ్చి "మీ తాత పేరు నా ఫోన్ల కనబడుతుంది, పాస్‌వర్డ్ ఏంది" అని అడిగిండు. పిల్ల ఆప్షన్లు అయినంక చెప్తనన్నది. కేబులాయన ఇప్పటికీ రాలే. ల్యాప్‌టాప్ నడుస్తనే ఉంది, కీబోర్డుల రెండు అక్షరాలు గట్టిగ ఒత్తితే గని పడతలేవు. కోఠిల పాత కీబోర్డు దొరుకుతదేమో చూడాలె.