పత్తర్‌గట్టి నీడ

పత్తర్‌గట్టి గురించి రాసినోళ్లు కమాన్ల అందం గురించి రాసిండ్రు. నేను ఆ కమాన్ల కింది వరండా గురించి రాస్త. ఎందుకంటే మా నాయిన చెప్పులు విడువకుండ నడిచిన మొదటి పెద్ద కట్టడం అదే.

మాది శంషాబాదు పక్క మాదిగ వాడ. మోటబాయిలు నడిచినన్ని దినాలు నాయిన తోలు తొండాలు కుట్టిండు. కరెంటు మోటర్లు వచ్చినంక చెప్పుల పనే మిగిలింది. ఊరందరి కాళ్లకు చెప్పులు తొడిగినోడు దొర ఇంటి ముందటికొస్తే తన చెప్పులు చేతుల పట్టుకోవాలె. ఇగ అరుగు ఎక్కుడు సంగతి ఎత్తొద్దు. అరుగంటే మాకు కూసునే జాగ గాదు, హద్దు. హోటల్ల చాయ గ్లాసు సుత వేరే.

ఆరె, రంపె కొననీకి, పెండ్లిబట్టలు తేనీకి నాయిన పట్నం పోతుండె. అఫ్జల్‌గంజ్‌ల బస్సు దిగి, నయాపూల్ దాటి, మదీనా కాడికెల్లి చార్మినార్ దిక్కు నడిస్తే రోడ్డుకు రెండు పక్కల చెక్కిన రాతి కమాన్లు. వాటెనుక పొడుగూత వరండా, లోపటి దిక్కు దుకాణాలు, పైన మేడ. ఎండ తగలదు, వాన తగలదు. ఏం కొనకున్నా ఈ కొస నుంచి ఆ కొస దాక పోవచ్చు. నన్ను ఎంటవెట్టుకపోయిన నాడు, "ఇది ఎవని గడీ గాదు బిడ్డ, చెప్పులేసుకోనే నడువు" అన్నడు నాయిన. తను కుట్టుకున్న కిర్రుచెప్పులు ఆ రాళ్ల మీద మోగుతుంటే ఒక గుమస్తా ఎదురొచ్చి "ఆయియే పటేల్ సాబ్" అని పిలిచిండు. నాయిన ఎనుకకు తిరిగి చూసిండు, ఏ పటేలు వస్తున్నడో అని! ఈ ముచ్చట వాడల ఎన్నేండ్లు చెప్పుకోని నవ్విండ్రో.

ఇది పట్నం గొప్పతనమని నేను చెప్తలేను. బట్టలమ్మేటోనికి కావల్సింది గిరాకీ పైస. అదే బజారుల మోరీలు ఎత్తిన చేతులు ఎవరివో మీకు తెలుసు.

1908 సెప్టెంబర్‌ల మూసీ వరద పట్నాన్ని ముంచింది. 1912ల సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. ఇరుకు వాడలు తీసేసి, రోడ్లు వెడల్పు చేసి, ఈ రాతి దుకాణాల వరుస లేపింది ఆ బోర్డే. వరదను ఆపనీకి మా శంషాబాదు దిక్కు హిమాయత్‌సాగర్ కట్టిండ్రు. దానికి నిజాం కొడుకు పేరు పెట్టిండ్రు. సలహా చెప్పిన విశ్వేశ్వరయ్య పేరు బడి పిల్లలకు సుత తెలుసు. రాయి కొట్టిన వడ్డెరల పేర్లు, మోసిన కూలోళ్ల పేర్లు ఏ కమాను మీద చెక్కిండ్రు? అదే కాలంల, 1911ల, భాగ్యరెడ్డి వర్మ ఇదే పట్నంల మన్య సంఘం పెట్టి మనోళ్లను కూడగట్టిండు. పట్నం కట్టుబడి గురించి నేను సదివిన పుస్తకాలల్ల ఆ సంగతి లేదు.

2008 మార్చిల మా దిక్కు విమానాశ్రయం తెరిచిండ్రు. అద్దాలు, ఇనుము, ఆకాశమంత కప్పు. మా వాడోళ్లు కొందరు అండ్ల ఊడ్చే పనికి పోతరు. మిగిలినోళ్లం లోపటికి పోవాలంటే తలుపు కాడ తుపాకి జవానుకు టికెట్టు చూపాలె. నాయిన బయటికెల్లే చూసి "నీడకు సుత టికెట్టా?" అన్నడు.

ఇప్పుడు పత్తర్‌గట్టి రాళ్ల మీద బోర్డులు, వైర్లు, వరండాల సరుకుల మూటలు. హెరిటేజ్ సొగసు కాపాడాలనేటోళ్లు ఇదంతా ఖాళీ చెయ్యాలంటరు. బోర్డులు తియ్యిండ్రి, వైర్లు తియ్యిండ్రి, నేను సుత వచ్చి మోస్త. గని పగటి ఎండకు స్తంభానికి ఒరిగి సద్ది విప్పుకునే హమాలీలు, పక్కపొంటి చెప్పులు కుట్టేటోళ్లు ఉన్నరు. వాళ్లను లేపే ముందు ఎక్కడ కూసోవెడతరో చెప్పుండ్రి.